తిరుపతి ఎండకూ నవంబరు తేమకూ ఏ జెల్ నిలుస్తుంది? గ్యాస్‌ను పసిగట్టే మెత్తని పదార్థాల పోలిక

గ్యాస్‌ను పసిగట్టే జెల్ (నీళ్లనో మరో ద్రవాన్నో వలలా పట్టుకున్న మెత్తని పదార్థం) ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు చూసేది ఒకే అంకె: ఎంత తక్కువ పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాల గ్యాస్) దాకా కనిపెడుతుంది అని. పరిశోధన పత్రాల్లో ఆ అంకె పైనే రాస్తారు కాబట్టి కన్ను అక్కడికే పోతుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో పనిచేయాల్సిన సెన్సర్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు వేరే ప్రశ్నలు వేస్తాను. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆ జెల్ నిలుస్తుందా, కరిగిపోతుందా, ఎండిపోతుందా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో తేమ పీల్చుకుని ఉబ్బుతుందా? వీటికి జవాబు దొరికాకే పీపీఎం సంగతి. ఈ పదార్థాలను ఎక్కువగా 20, 25 డిగ్రీల ఏసీ ల్యాబుల్లో పరీక్షిస్తారు. మన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలూ కోళ్ల షెడ్లూ కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ గదులూ అలా ఉండవు.

ఎమ్మెస్సీ, బీటెక్ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్లనూ, చిన్న యూనిట్ నడుపుతూ చవకగా ఏదైనా దారి ఉందా అని చూసేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అసలు జెల్ అవసరమా?

ముందు ఇది తేల్చుకోవాలి. బజార్లో దొరికే ఎంక్యూ రకం సెన్సర్లలో టిన్ ఆక్సైడ్ ఉంటుంది. దాన్ని లోపలున్న చిన్న హీటర్ కొన్ని వందల డిగ్రీల దాకా వేడి చేస్తుంది. ఈ రకానికి జపాన్‌లో తగుచి 1962లో పేటెంట్ దరఖాస్తు చేశారు. ఆరు దశాబ్దాలు గడిచినా వంటగ్యాస్ అలారాల్లో ఇవే ఉన్నాయంటే ఊరికే కాదు: ఇవి మొండివి, చవక, త్వరగా స్పందిస్తాయి. లోపాలూ ఉన్నాయి. హీటర్ ఎప్పుడూ కరెంటు తింటుంది కాబట్టి బ్యాటరీ మీద ఎక్కువ కాలం నడవదు. అమోనియా వచ్చినా, ఆల్కహాల్ వచ్చినా, పొగ వచ్చినా ఒకేలా అరుస్తుంది.

జెల్ గది వేడిలోనే పనిచేస్తుంది, కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది, కొన్నిరకాలైతే అసలు తీసుకోవు. లోపల వేసే రసాయనం మార్చి, మనకు కావలసిన గ్యాస్ వైపు దాన్ని మళ్లించవచ్చు. బదులుగా అది నెమ్మది, ఆయుష్షు తక్కువ, తేమకు లొంగుతుంది. మీకు కావలసింది వంటగ్యాస్ లీక్ అలారం మాత్రమే అయితే జెల్ జోలికి పోకండి, ఎంక్యూ రకమే కొనండి. అమోనియా, కుళ్లిన మాంసం నుంచి వచ్చే అమీన్లు, కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్, అసిటోన్ లాంటి ఆవిర్లు, లేదా అనేక వాసనలను విడదీసి గుర్తించడం మీ పని అయితే జెల్‌కు అర్థం ఉంది.

రంగు కలిపిన నీటి జెల్

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఇదే. నీళ్లు పట్టుకున్న పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువుల) వలలో పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార స్థాయిని, బట్టి రంగు మారే పదార్థం కలపడం, అంతే. అమోనియా లోపలి నీళ్లలో కరిగి క్షారం అవుతుంది, రంగు మారుతుంది. సెల్‌ఫోన్ కెమెరాతో ఫోటో తీసి రంగు విలువలు లెక్కపెడితే అదే మీ సెన్సర్.

ఏ రంగు అన్నది ఆలోచించి ఎంచుకోవాలి. బ్రోమోథైమాల్ బ్లూ పీహెచ్ 6 కింద పసుపు, 7.6 పైన నీలం. కార్బన్ డయాక్సైడ్ దాన్ని పసుపు వైపు, అమోనియా నీలం వైపు లాగుతాయి. రెండూ ఉండే కోళ్ల షెడ్డులో ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది, మీరు గాలి బాగుందనుకుంటారు. అమోనియా ఒక్కటే కావాలంటే బ్రోమోక్రెసాల్ గ్రీన్ మేలు: 3.8 దగ్గర పసుపు, 5.4 దాటితే నీలం. జెల్‌ను ముందే కాస్త ఆమ్లంగా ఉంచితే, కార్బన్ డయాక్సైడ్ లాంటి బలహీనమైన ఆమ్ల వాయువు దాన్ని కదిలించలేదు. స్కూలు ప్రదర్శనకైతే శంఖుపుష్పం రసం చక్కగా సరిపోతుంది, క్షారంలో నీలం నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది. పసుపు కొమ్ము రసం కూడా క్షారంలో ఎర్రబడుతుంది కానీ వెలుతురుకు వెలిసిపోతుంది, ఎక్కువ రోజుల పనికి వద్దు.

ఇక వల దేనితో కట్టాలి? జెలటిన్ చాలా పత్రాల్లో కనిపిస్తుంది. అది 30 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే మన దగ్గర మార్చి దాటాక మామూలు జెలటిన్ పొర గోడ మీద నిలవదు, కారుతుంది. పైగా అది జంతువుల నుంచి వచ్చేది. పాల యూనిట్లలో, వంటశాలల్లో పెట్టే వస్తువు అయితే అక్కడి వాళ్లు ఒప్పుకుంటారా అన్నదీ ఈ ఊళ్లో ముందే అడగాల్సిన మాట. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, గడ్డకట్టాక మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి. కాబట్టి జెలటిన్, అగర్ రెండిట్లో ఇక్కడ అగర్‌కే నా ఓటు. దానికంటే గట్టిది కావాలంటే పాలీవినైల్ ఆల్కహాల్: వేడి నీళ్లలో కరిగించి, అచ్చులో పోసి, ఫ్రీజర్‌లో రాత్రంతా గడ్డకట్టించి, పగలు కరగనిచ్చి, అలా కొన్నిసార్లు చేస్తే వేరే రసాయనం ఏదీ లేకుండానే రబ్బరులా సాగే జెల్ వస్తుంది. పాలీఅక్రిలమైడ్ జెల్ ఫలితాలు పత్రాల్లో ఎంత బాగున్నా, దాని మూల పదార్థం అక్రిలమైడ్ నరాలను దెబ్బతీసే విషం. ఫ్యూమ్ హుడ్ (విషపు ఆవిర్లను బయటికి లాగే ల్యాబు గూడు), గ్లవ్స్, దగ్గరుండి చూసే సీనియర్ లేకపోతే డిగ్రీ విద్యార్థులు దాన్ని ముట్టుకోకూడదు.

నీటి జెల్‌కు మొదటి శత్రువు ఎండ. మూత లేకుండా మేడ మీద పెడితే సాయంత్రానికి వడియంలా అయిపోతుంది. రెండో శత్రువు బూజు. అగర్, జెలటిన్ రెండూ సూక్ష్మజీవులకు మంచి తిండి. వానాకాలంలో కొద్ది రోజుల్లోనే పైన మచ్చలు కనిపిస్తాయి. కాబట్టి దీన్ని వాడి పారేసే ప్యాచ్‌గా చూడండి. నెలల తరబడి ఉండే పరికరంగా అమ్మాలని చూడకండి.

మందం గురించి ఒక మాట

ఏ జెల్ ఎంచుకున్నా ఇది వర్తిస్తుంది, అయినా ఎక్కువమంది పట్టించుకోరు. గాలిలో కంటే నీటి జెల్‌లో వాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా మందం రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లు అవుతుంది. కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ లాంటివి 0.1 మిల్లీమీటరు పొరను దాటడానికి రెండు మూడు సెకన్లు చాలు. అదే 1 మిల్లీమీటరు మందంలో నాలుగు నిమిషాలు దాటుతుంది. రంగుతో చర్య జరిగే అమోనియా విషయంలో ఇంకా ఆలస్యం. పెట్రీ డిష్‌లో పోసిన లావుపాటి జెల్‌తో పరీక్ష చేసి, ఈ పదార్థం పనికిరాదు, స్పందన లేదు అని తీర్పు చెప్పడం అన్యాయం. గాజు పలక మీద రెండు పక్కలా సెల్లోటేపు అంటించి, మధ్యలో జెల్ పోసి, ఇంకో పలక అంచుతో లాగేస్తే టేపు మందం పొర వస్తుంది. టేపు వరసలు పెంచితే మందం పెరుగుతుంది. పదార్థం మార్చే ముందు మందం మార్చి చూడండి.

గ్లిజరిన్ కలిపిన విద్యుత్ జెల్

రంగు కాక అంకె కావాలంటే జెల్‌లో ఉప్పు కలిపి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దాని నిరోధాన్ని కొలుస్తారు. ఎండిపోకుండా నీళ్లలో కొంత భాగానికి బదులు గ్లిజరిన్ గానీ ఇథిలీన్ గ్లైకాల్ గానీ పోస్తారు. వీటినే ఆర్గానోహైడ్రోజెల్స్ అంటున్నారు. అమోనియా, నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్‌ల మీద వీటితో చాలా పని జరిగింది. గ్లిజరిన్ ఉంటే జెల్ గడ్డకట్టదు కూడా, కాబట్టి కోల్డ్ స్టోరేజీ లోపలి చలికీ బయటి ఎండకీ ఒకటే సరిపోతుంది.

ఎండిపోకుండా ఉండటానికి కొందరు లిథియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ఎక్కువగా కలుపుతారు. ఎండాకాలంలో బాగుంటుంది. కానీ లిథియం క్లోరైడ్ గాలిలో తేమ 11 శాతం దాటితే చాలు, కాల్షియం క్లోరైడ్ సుమారు 30 శాతం దాటితే చాలు, నీళ్లు పీలుస్తూనే ఉంటాయి. నవంబరులో మీ జెల్ ఎలక్ట్రోడ్ల మీద చెమటలు కక్కుతుంది. మన ప్రాంతానికి గ్లిజరిన్ ఎక్కువ, ఉప్పు తక్కువ అనే దారే మంచిది.

దీని అసలు కష్టం వేరే ఉంది. గాలిలో తేమ కాస్త మారితే వచ్చే మార్పు, మీరు వెతికే గ్యాస్ తెచ్చే మార్పు కంటే పెద్దది కావచ్చు. పక్కన తేమ సెన్సర్ పెట్టి సవరించడం ఒక దారి. నాకు నచ్చేది ఇంకొకటి: ఒకే రకం జెల్ ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని ముందు సిట్రిక్ యాసిడ్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం అడ్డం పెట్టండి. కాగితం అమోనియాను పట్టేస్తుంది, తేమను మాత్రం నెమ్మదిగా పోనిస్తుంది. రెండు ముక్కల మధ్య తేడానే మీ సంకేతం. ఖర్చు నిమ్మ ఉప్పు ఖర్చే.

ఇంకో సంగతి. ఆర్డునో (ప్రాజెక్టుల్లో వాడే చిన్న కంట్రోలర్ బోర్డు) నుంచి నేరుగా డీసీ కరెంటు ఇచ్చి కొలిస్తే జెల్‌లోని అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పేరుకుపోయి రీడింగు దానంతటదే జారిపోతూ ఉంటుంది. గ్యాస్ వచ్చిందని సంబరపడితే అది ఉత్త జారుడు అయి ఉండొచ్చు. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర ఏసీతో కొలవండి, రెండు పిన్నుల ధ్రువాలు మార్చి మార్చి ఇచ్చినా కొంతవరకు చాలు. సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలు ఉప్పుకూ అమోనియాకూ తినేసుకుపోతాయి, కార్బన్ ఎలక్ట్రోడ్లు వాడండి.

అయానోజెల్

గది వేడిలోనే ద్రవంగా ఉండే లవణాలను అయానిక్ లిక్విడ్ అంటారు. నీళ్ల బదులు వీటిని పాలిమర్ వలలో నింపితే అయానోజెల్. ఇవి ఆచరణలో ఆవిరి కావు. కాబట్టి మే నెల ఎండ దీన్ని ఎండగట్టలేదు, బూజుకూ అంతగా చోటివ్వదు. ఆల్కహాల్, అసిటోన్ లాంటి ఆవిర్లు ఇందులో కరగగానే ద్రవం పలచబడి, అయాన్లు చురుగ్గా కదిలి, విద్యుత్ వాహకత పెరుగుతుంది. అయితే వేడి పెరిగినా సరిగ్గా ఇదే జరుగుతుంది. పొద్దున 26 డిగ్రీలు, మధ్యాహ్నం 41 ఉండే చోట ఉష్ణోగ్రత సవరణ లేకుండా అయానోజెల్ రీడింగుకు విలువ లేదు. ఒక థర్మిస్టర్ (వేడిని కొలిచే చిన్న సెన్సర్) తప్పనిసరి.

ధర ఎక్కువ, అందుకే మొదటి ప్రాజెక్టుకు వద్దంటాను. కొంటే నీటిని అంతగా పీల్చని రకం తీసుకోండి, టీఎఫ్ఎస్ఐ అయాన్ ఉన్నవి అలాంటివి. చవకగా వస్తుందని హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ రకం కొనకండి. అది తేమతో చర్య జరిపి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ విడుదల చేయగలదు, ఆ యాసిడ్ ఎముకల దాకా పోయే విషం. అయానిక్ లిక్విడ్‌లన్నీ పర్యావరణానికి మంచివే అని అక్కడక్కడా రాస్తుంటారు, అది నిజం కాదు. నీటి జీవులకు హాని చేసేవి వీటిలో ఉన్నాయి, సింకులో పోయకూడదు.

లిక్విడ్ క్రిస్టల్ జెల్

నా మనసుకు బాగా దగ్గరైంది ఇదే. పోర్చుగల్‌లోని నోవా లిస్బన్ విశ్వవిద్యాలయంలో ఆనా సెసీలియా రోక్ బృందం జెలటిన్, అయానిక్ లిక్విడ్, లిక్విడ్ క్రిస్టల్ మూడింటినీ కలిపి ఒక పొర తయారుచేసి 2017లో ప్రచురించింది. లిక్విడ్ క్రిస్టల్ అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరుసలో అమరి ఉండే పదార్థం, ఆ పొరలో అది చిన్న చిన్న బిందువులుగా నిలుస్తుంది. పొరను ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల (ఒకే దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే రేకుల) మధ్య పెడితే, బిందువుల లోపలి అమరిక వల్ల వెలుగు దాటి వస్తుంది. ఏదైనా ఆవిరి లోపలికి చొరబడితే అమరిక చెదిరి పొర చీకటి పడుతుంది. ఆవిరి తీసేస్తే మళ్లీ వెలుగు. ఎంత త్వరగా చెదిరింది, ఎలా తిరిగి వచ్చింది అనే తీరు ఆవిరిని బట్టి మారుతుంది. ఆ తీరుల్ని కంప్యూటర్‌కు నేర్పితే ఒకే పొర అనేక ఆవిర్లను విడదీస్తుంది. వాసనలను సెన్సర్ల గుంపుతో గుర్తించే ఆలోచన పర్సాద్, డాడ్ అనే శాస్త్రవేత్తలు 1982లోనే చూపించారు. ఇక్కడ ఆ గుంపు పనిలో పెద్ద వాటా ఒక్క మెత్తని పొరే చేస్తుంది.

దీన్ని యథాతథంగా తిరుపతికి తెచ్చుకుంటే మాత్రం పనిచేయదు. ఇలాంటి పొరల్లో ఎక్కువగా వాడే లిక్విడ్ క్రిస్టల్ పేరు 5సీబీ. అది సుమారు 35 డిగ్రీల దగ్గరే అమరిక కోల్పోయి మామూలు ద్రవం అయిపోతుంది. అంటే ఏప్రిల్ మధ్యాహ్నం ఏ గ్యాస్ రాకముందే మీ పొర చీకటిగా ఉంటుంది. పైగా జెలటిన్ కూడా అదే వేడి దగ్గర కరుగుతుంది. ఆ పొర కేవలం మన వాతావరణం వల్ల ఓడిపోతుంది, తప్పు ఆలోచనది కాదు. ఈ7 అనే మిశ్రమం దాదాపు 60 డిగ్రీల దాకా అమరిక నిలుపుకుంటుంది. దాన్ని ఎంచుకుని, జెలటిన్‌ను రసాయనంతో గట్టిగా ముడివేయడమో, అగర్‌కు మారడమో చేస్తే మన ఎండకు తట్టుకునే అవకాశం ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు కాస్త చల్లగా ఉంటుంది కానీ అక్కడా ఎండాకాలంలో 5సీబీని నమ్మలేం. ఎంటెక్, పీహెచ్‌డీ స్థాయిలో చేసేవాళ్లకు ఇది మంచి పరిశోధన ప్రశ్న అని నా గట్టి నమ్మకం. వేడి ప్రాంతానికి సరిపోయే కూర్పు కనిపెడితే అది సగం భారతదేశానికి పనికొస్తుంది.

పరికరం ఖరీదు చూసి భయపడకండి. పోలరైజింగ్ మైక్రోస్కోపు జియాలజీ విభాగాల్లో ఉంటుంది, రాళ్ల పలచని ముక్కలు చూడటానికి వాళ్లు వాడేది అదే. అడిగి చూడండి. అది లేకపోతే పాడైన ఎల్‌సీడీ తెరల నుంచి తీసిన పోలరైజర్ రేకులు రెండు, ఒక ఎల్‌ఈడీ, వెలుగును కొలిచే ఒక ఫోటోడయోడ్ చాలు.

సిలికా జెల్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది ఎండాక మెత్తనిది కాదు. టీఈఓఎస్ అనే సిలికాన్ ద్రవం నుంచి చేసిన సిలికా పొరలో రంగు బంధిస్తే కరగదు, బూజు పట్టదు, ఎక్కువ కాలం ఉంటుంది. ఎండేటప్పుడు పగుళ్లు రాకుండా చూసుకోవడమే పని, నెమ్మదిగా ఎండనివ్వాలి. వంగే ప్యాచ్ అక్కర్లేని చోట రంగు జెల్‌కు మంచి ప్రత్యామ్నాయం.

ఏ పనికి ఏది?

కోల్డ్ స్టోరేజీ, పాల యూనిట్లలో అమోనియా. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక పాల ఫ్యాక్టరీలో అమోనియా లీకై కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు, కాబట్టి ఇది మన ప్రాంతానికి దూరపు విషయం కాదు. ఎనిమిది గంటల పనికి 25 పీపీఎం హద్దుగా పెట్టుకుంటారు, 300 పీపీఎం దగ్గర ప్రాణాపాయం. వాల్వులు, ఫ్లాంజ్ కీళ్ల (పైపులను బోల్టులతో కలిపే చోట్ల) దగ్గర బ్రోమోక్రెసాల్ గ్రీన్ జెల్ ప్యాచ్‌లు అంటిస్తే ఏ కీలు నుంచి సన్నగా కారుతోందో రంగే చూపిస్తుంది. మెకానిక్‌లు గంధకపు పుల్ల వెలిగించి తెల్లటి పొగ చూసి లీకు కనిపెడతారు. అది ఆ క్షణానికే, ప్యాచ్ రాత్రంతా కాపలా ఉంటుంది. కానీ ఇది అలారానికి అదనం మాత్రమే. సైరన్ మోగించే పని సర్టిఫై చేసిన ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్‌దే.

మామిడి మాగబెట్టే గదుల్లో ఇథిలీన్. చిత్తూరు వైపు ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న. కాల్షియం కార్బైడ్ నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడటానికి ఆహార భద్రతా నియమాలు ఒప్పుకుంటాయి. నీటి జెల్ ఇక్కడ తప్పుడు ఎంపిక. ఇథిలీన్ నీళ్లలో కరగడమే కష్టం, ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, పీహెచ్ రంగును కదిలించదు. దీనికి పల్లాడియం ఉన్న మాలిబ్డేట్ రంగు పదార్థం పసుపు నుంచి నీలానికి మారుతుంది, దాన్ని జెల్‌లో పెట్టి ప్రయత్నించవచ్చు. రోజువారీ వ్యాపారానికైతే మీటరు కొనడమే తెలివి.

తిరుమల ఘాట్ రోడ్డులో వాహనాల నైట్రోజన్ డయాక్సైడ్ కొలవాలని ఉత్సాహపడేవాళ్లు ఒక లెక్క చూడాలి. 24 గంటల జాతీయ ప్రమాణం ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, అంటే సుమారు 42 పీపీబీ (పీపీఎంలో వెయ్యో వంతు). 1 పీపీఎం దగ్గర మేలుకునే జెల్ రోడ్డు మీద నిద్రపోతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం పత్రంలోని ఆ తక్కువ అంకెకు నిజంగా విలువ ఉంది.

మురుగు ట్యాంకులు, బావులు, బయోగ్యాస్ గుంతలు: ఇక్కడ ఇంట్లో చేసిన ఏ జెల్‌నూ నమ్మి మనిషిని దింపకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరకు వస్తే ముక్కు దాని వాసనే పట్టలేదు, జెల్ రంగు మారేలోపు మనిషి పడిపోతాడు. 2017లో పలమనేరు దగ్గర ఒక హ్యాచరీ ట్యాంకులో దిగిన కార్మికులు ఊపిరాడక చనిపోయారు. అలాంటి చోట సర్టిఫై చేసిన నాలుగు వాయువుల మీటరు, గాలి పంపే బ్లోయరు, పైన కాపలా మనిషి, తాడు ఉండాల్సిందే.

వాడే ముందు చేయాల్సిన పరీక్ష

మూత గట్టిగా పట్టే రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదాని అడుగున వంట ఉప్పును కొద్ది నీళ్లతో ముద్దగా తడిపి పెడితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. రెండోదాంట్లో మెగ్నీషియం క్లోరైడ్ ముద్ద పెడితే 33 శాతం. మొదటిది మన వానాకాలం, రెండోది ఎండాకాలం. జెల్ ముక్కలను తూకం వేసి, ముద్ద తగలకుండా చిన్న జాలీ మీద ఉంచి, రెండు డబ్బాల్లోనూ పెట్టండి. రెండో డబ్బాను 42 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి, తేమ ఒకటి రెండు శాతం తగ్గుతుందంతే. రోజూ తూకం, ఫోటో, నిరోధం రాసుకోండి. బరువు స్థిరపడ్డాకే గ్యాస్ చూపించండి. బరువు ఇంకా మారుతుండగా తీసిన రీడింగులు గ్యాస్‌వో తేమవో ఎవరూ చెప్పలేరు, వైవాలో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.

ప్యాచ్ తయారైన తేదీ దాని వెనకే రాయండి. పక్కన గ్యాస్ తగలకుండా సీల్ చేసిన అదే రంగు ముక్క ఒకటి ఉంచండి, ఫోటోలో రెండూ పడాలి. ట్యూబ్‌లైటు వెలుగులో ఒక రంగు, ఎండలో ఇంకో రంగు కనిపించినప్పుడు పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.